చార్లెస్ టేలర్: తొలి విమానానికి ఇంజను కూర్చిన పనివాడు

రైట్ సోదరుల పేర్లు ఎరుగని వారు లేరు. కాని వారి విమానానికి ఇంజను నిర్మించిన చార్లెస్ టేలర్‌ను మనము తరచు విస్మరిస్తున్నాము.

1868లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జన్మించిన ఆయన, డేటన్ నగరంలో ఆ సోదరుల సైకిళ్ల దుకాణంలో పనిచేశారు. లేతు, డ్రిల్లింగు యంత్రం, చేతి పనిముట్లతోనే ఆరు వారాలలో నాలుగు సిలిండర్ల ఇంజను తయారుచేశారు. దానికి కార్బురేటర్ లేదు. ఎత్తున అమర్చిన ట్యాంకు నుండి పెట్రోలు తన బరువుతోనే దిగి, ఇంజను వేడికి ఆవిరియై గాలితో కలిసేది.

1903 ఫిబ్రవరి పరీక్షలో కారిన పెట్రోలు వల్ల బేరింగులు బిగుసుకొని ఇంజను దిమ్మ పగిలిపోయింది. ఆయన నిరాశపడక మరల నిర్మించారు. డిసెంబరు 17న ఆ ఇంజనే విమానాన్ని 59 సెకన్లు గాలిలో నడిపించింది.

వృద్ధాప్యంలో ధర్మాసుపత్రి పాలైన ఆయనను విమాన పరిశ్రమవారు ఆదుకున్నారు. 1956లో కన్నుమూశారు.

అదుపు తప్పిన చుక్క ఎంతటి శ్రమనైనా భగ్నం చేయగలదనీ, చేతిపనిని చిన్నచూపు చూడరాదనీ ఆ జీవితం మనకు బోధిస్తున్నది.