ఆకురాయి అక్కర్లేని ఇంజిన్

హెన్రీ లేలాండ్ 1843లో అమెరికాలోని వెర్మాంట్‌లో పుట్టాడు. అంతర్యుద్ధం రోజుల్లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో పనిచేశాడు. ఒక తుపాకీ భాగం ఇంకో తుపాకీకి సరిపోవాలంటే కొలత ఎంత కచ్చితంగా ఉండాలో అలాంటి చోట్లే ఒంటబట్టింది.

1902లో డెట్రాయిట్‌లో, హెన్రీ ఫోర్డ్ వదిలి వెళ్లిన కంపెనీని మూసేద్దామనుకున్న వాటాదారులు ఆస్తుల విలువ కట్టడానికి లేలాండ్‌ను పిలిచారు. మూయొద్దని, తన ఇంజిన్‌తో కార్లు చేయమని ఒప్పించాడు. అదే కాడిలాక్.

అప్పట్లో ఒక బండి భాగం ఇంకో బండికి పెట్టాలంటే ఆకురాయితో అరగదీయాల్సిందే. 1908లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్‌లో మూడు కాడిలాక్‌లను పూర్తిగా విప్పి, ముక్కలన్నీ కలగలిపేశారు. 89 భాగాలు తీసేసి, స్టాకులోంచి కొత్తవి ఇచ్చారు. మెకానిక్‌లు స్పానర్లు, స్క్రూడ్రైవర్లతోనే మళ్లీ బిగించారు. మూడూ స్టార్టయ్యాయి, 500 మైళ్ల పరీక్షా పూర్తిచేశాయి. డ్యూవార్ ట్రోఫీ కాడిలాక్‌కే దక్కింది.

1917లో కాడిలాక్ వదిలి లింకన్ కంపెనీ పెట్టాడు. అది నష్టాల్లో పడితే 1922లో కొన్నది ఎవరో కాదు, హెన్రీ ఫోర్డే. కొన్ని నెలలకే లేలాండ్ బయటికి రావాల్సి వచ్చింది. 1932లో కన్నుమూశాడు.

ఇవాళ సిలిండర్ హెడ్ మార్చేటప్పుడు మనం బోల్టు రంధ్రాలు, నీటి దారులు, బోర్ సైజు, గాస్కెట్ బ్లాక్‌తో కలుస్తున్నాయా అని చూస్తాం. అన్నీ కలిస్తే అరగదీయకుండానే కూర్చుంటుంది. ఆ అలవాటు కార్లకు నేర్పినవాళ్లలో లేలాండ్ ముందుంటాడు.