రాయలిచ్చిన మాట

బండి ఆత్మకూరునుండి నల్లమల యంచు వెంబడి దక్షిణముగా నంద్యాల, ఆళ్లగడ్డలను దాటి అహోబిలమునకు పోవు యాత్రికులకు అచట శ్రీకృష్ణదేవరాయల శాసనము కానవచ్చును. కళింగ దండయాత్రా కాలమున, 1515 డిసెంబరులో, రాయలు ఈ క్షేత్రమును దర్శించి నృసింహస్వామికి ఆభరణములను, బంగారు పళ్లెమును సమర్పించెను. ఉదయగిరి, కొండవీడు దుర్గములను సాధించిన వీరునిగాను, ఆముక్తమాల్యదను రచించిన కవిగాను ఆయనను మన సీమవారందరు నెఱుగుదురు. ఆయన గృహజీవితమునకు సంబంధించిన యొక విషయము మాత్ర మంతగా ప్రచారములో లేదు. దానిని పాఠకులకు జ్ఞప్తి చేయదలచితిమి.

కృష్ణరాయలు తుళువ నరసనాయకునకు నాగలాంబయందు జన్మించెను. అన్నయగు వీరనరసింహరాయలు ఏలికయై యుండగా తమ్మునికి సింహాసనము దక్కుననుట నిశ్చయము కాదు. అట్టి యౌవనదశలో ఆయన చిన్నాదేవి యను వేశ్యయం దనురక్తుడయ్యెననియు, తాను రాజైనచో ఆమెను పెండ్లియాడుదునని పలుమారులు మాట యిచ్చెననియు పోర్చుగీసు వర్తకుడగు నూనిజు వ్రాసియున్నాడు. నాడది వినోదమునకు పలికిన పలుకే యట! 1509లో కృష్ణరాయలకు రాజ్యము లభించెను. పలుకు ఋణమై నిలిచెను.

రాజైన పిమ్మటను ఆయన రాత్రివేళ రహస్యముగా ఆమె యింటికి పోవుచుండగా మంత్రి సాళువ తిమ్మరుసు కనిపెట్టి మందలించెనట. రాయలు దాచక తన వాగ్దానమును తెలిపెను. లోకనింద రాకుండ కార్యము నెరవేర్చు భారమును మంత్రి వహించెను. ముందుగా రాజవంశపు కన్య నొకతెను తెచ్చి వివాహము జరిపి, ఆ వెనుక చిన్నాదేవిని ఎత్తైన గోపురముగల సౌధమున ప్రవేశపెట్టెనని నూనిజు కథనము.

ఇది కేవలము పుక్కిటి పురాణమని త్రోసివేయుటకు వీలులేదు. రాయలు జీవించియుండగానే విజయనగరమును చూచిన పాయీసు అను మఱియొక పోర్చుగీసువాడు ముగ్గురు పట్టపురాణులను పేర్కొన్నాడు. ఒకతె ఒరిస్సా రాజపుత్రి. ఒకతె శ్రీరంగపట్టణపు రాజు కూతురు. మూడవ యామె యీ చిన్ననాటి ప్రియురాలు. పరిచారికల విషయమునగాని, ధనము విషయమునగాని, మందిరముల విషయమునగాని మువ్వురకు తేడా లేదనియు, అందుచేత వారిలో కలతలు లేవనియు అతడు వ్రాసెను. మన శాసనములును ఈ సమత్వమునకే సాక్ష్యమిచ్చుచున్నవి. 1513 ఫిబ్రవరిలో రాయలు తిరుమలకు పోయినప్పుడు తిరుమలదేవియు, చిన్నాదేవియు శ్రీవారి పాలారగింపునకు చెరియొక బంగారు గిన్నె సమర్పించిరి. నేటికిని తిరుమల ఆలయములో చేతులు జోడించి నిలిచిన రాయల విగ్రహమునకు ఇరువైపుల ఆ దేవేరు లిరువురును నిలిచియున్నారు.

రాయలను సంఘసంస్కర్తయని మేము చెప్పబోము. బహుభార్యాత్వము నాటి రాజుల యాచారము. ఆయనయు దానిని విడువలేదు. రాజకన్యను ముందు నిలిపి వేశ్యాకులజను వెనుక తెచ్చిన యుపాయము లోకమునకు వెఱచినదే గాని లోకమును దిద్దినది కాదు. ఆమె యంగీకారము నెవరైన నడిగిరేమో గ్రంథములలో లేదు. అయినను అధికారము చేతికి వచ్చిన పిదప మాట మఱచుట రాజులకు మిక్కిలి సులభము, ఆయన మఱచిపోలేదు. తులసివనమున దొరికిన, కులగోత్రము లెఱుగని శిశువును శ్రీరంగనాథుని దేవేరిగా చేసిన గోదాదేవి కథనే ఆయన తన కావ్యమునకు వస్తువుగా గ్రహించుట ఈ సందర్భమున స్మరణీయము.

నేడు మన గ్రామములలో సంబంధము కుదుర్చునపుడు కులము నడుగుదురు. పిమ్మట ఎకరముల లెక్క నడుగుదురు. చదువుకొను దినములలో ఒక బాలికకు మాట యిచ్చి, ఉద్యోగము రాగానే పెద్దల యిష్టము పేరు చెప్పి తప్పుకొను యువకులును లేకపోలేదు. రాయల విజయములను చెప్పుకొని గర్వించు మనము, ఆయన నిలుపుకొన్న యీ యొక్క మాటను మన యిండ్లలో పాటింపజాలమా? విజయనగరము పడిపోయినది; చిన్నాదేవి మాత్రము తిరుమలలో రాయల ప్రక్కనే నిలిచియున్నది.