కూలి ముట్టని టపా మనిషి

ఈ ఏటి సావనీరుకు ఎవరైనా గొప్పవారి జీవితం గురించి రాయమని విద్యార్థి సంఘం కుర్రాళ్లు వచ్చి అడిగారు. నాయకుల గురించీ, శాస్త్రజ్ఞుల గురించీ రాసేవారికి మన కాలేజీలో కొదవ లేదు. నేను ఒక టపా మోసే మనిషి కథ చెబుతాను.

ఆయన సంగతి నాకు తెలిసింది ఒక మందుల పొట్లం పుణ్యమా అని. కొన్నేళ్ల క్రితం జనవరిలో కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. సియెర్రా నెవాడా కొండల్లో, తాహో సరస్సు దగ్గర ఒక చెక్క ఇల్లు తీసుకుని పది రోజులుందామని అందరం బయలుదేరాం. తీరా వెళ్లాక చూసుకుంటే నా రక్తపోటు మాత్రల సంచీ శాక్రమెంటోలోనే ఉండిపోయింది! డాక్టరు చీటీ లేనిదే అక్కడి దుకాణాల్లో మాత్రలివ్వరు. మా వాడి స్నేహితుడు పార్సిలు చేశాడు. రెండు రోజుల్లో చేరాల్సింది ఎనిమిదో రోజుకు గానీ రాలేదు. మంచు తుఫానుకు కనుమ దారి మూసేశారట. ఫోనులో చూస్తే రోజూ ఒకటే కబురు, దారిలో ఉంది, ఆలస్యమవుతుంది అని. ఆ కంపెనీనీ, ఆ కొండల్నీ కలిపి తిట్టిపోశాను. పక్కింటి పెద్దాయన నవ్వాడు. నూట అరవై ఏళ్ల కిందట ఈ కొండలు దాటి ఇంతకంటే నమ్మకంగా బంగీలు వచ్చేవనీ, అవన్నీ ఒక్క మనిషి వీపు మీద వచ్చేవనీ చెప్పాడు. ఆ మనిషి పేరు స్నోషూ థాంప్సన్. తిరిగొచ్చాక పుస్తకాలు వెతికి చదివాను.

అసలు పేరు యోన్ టోర్‌స్టైన్‌సన్ రూ. 1827 ఏప్రిల్ 30న నార్వేలో, టెలెమార్క్ ప్రాంతంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పదేళ్ల వయసులో తల్లి వెంట ఓడెక్కి అమెరికా చేరాడు. అక్కడ జాన్ థాంప్సన్ అయ్యాడు. 1851లో పాడి ఆవుల మందను తోలుకుంటూ కాలిఫోర్నియా వచ్చి, అందరిలాగే బంగారం కోసం గోతులు తవ్వాడు. అది కలిసిరాక శాక్రమెంటో లోయలో సేద్యంలో పడ్డాడు.

ఆ కొండలకు పడమట ప్లాసర్‌విల్, తూర్పున జెనోవా అనే చిన్న పల్లె. మధ్య దూరం 90 మైళ్లు, అనగా దాదాపు 145 కిలోమీటర్లు. 1851 నుంచి కంచరగాడిదల మీద ఈ దారిన టపా నడిపేవారు. చలికాలం వచ్చిందంటే గాడిదలు మంచులో కూరుకుపోయేవి. ఆ నెలల్లో అవతలి వాళ్లు లోకానికి దూరమైనట్లే. ఉత్తరం లేదు, మందు లేదు, చచ్చారో బతికారో తెలిపే కబురు లేదు.

1855 చివరలో, కొండలు దాటి టపా మోసే మనిషి కావాలని ఒక పత్రికలో ప్రకటన పడింది. అది థాంప్సన్ కంటపడింది. చిన్ననాడు నార్వేలో మంచు మీద జారిన చెక్కలు గుర్తొచ్చాయి. ఓక్ కర్రతో పదేసి అడుగుల పొడవు చెక్కలు చేసుకున్నాడు. జత బరువు పదకొండు కిలోలు! వాటిని చూసి జనం నవ్వారట. 1856 జనవరిలో టపా సంచీ వీపున వేసుకుని ప్లాసర్‌విల్ నుంచి బయలుదేరాడు. మూడు రోజుల్లో అవతల తేలాడు. తిరిగి రావడానికి రెండే రోజులు పట్టింది.

అలా ఇరవై చలికాలాలు! సంచీ బరువు 27 కిలోల నుంచి 45 కిలోల దాకా ఉండేది. అందులో ఉత్తరాలేనా? మందులు, బట్టలు, పనిముట్లు, చివరికి నెవాడాలో మొదటి పత్రిక అచ్చువేయడానికి అక్షరాలు కూడా ఆ వీపు మీదే వచ్చాయి. దుప్పటి బరువని తీసుకెళ్లేవాడు కాదు. ఎండు మాంసం, బిస్కెట్లు తిని, మంచు కరిగించుకు తాగేవాడు. రాత్రయితే ఎండిపోయిన పైన్ మోడుకు నిప్పు పెట్టి, కాళ్లు అటు చాపి పడుకునేవాడు. ఎండకు మంచు మెరిసి కళ్లు పోతాయని మొహానికి బొగ్గు పూసుకునేవాడు.

1856 డిసెంబరులో దారిలో ఒక గుడిసెలో మూలుగు వినిపించింది. సిస్సన్ అనే ఆయన కాళ్లు గడ్డకట్టి పన్నెండు రోజులుగా పడి ఉన్నాడు. థాంప్సన్ జెనోవా వెళ్లి మనుషుల్ని తీసుకొచ్చి, బల్ల మీద అతన్ని లాక్కుపోయాడు. కాళ్లు తీసేయాలి, మత్తుమందు లేనిదే నేను కోయనన్నాడు డాక్టరు. ఆ మత్తుమందు కోసం థాంప్సన్ మళ్లీ కొండలు దాటి శాక్రమెంటో దాకా వెళ్లి తెచ్చాడు. మనిషి బతికాడు. నా మాత్రల కోసం గోల చేసిన నాకు ఇక్కడ సిగ్గేసింది.

ఇక అసలు సంగతి. ఇంత చాకిరీకీ ప్రభుత్వం ఆయనకు జీతమంటూ ఇవ్వలేదు. కాంట్రాక్టు ఇంకొకరిది. ఆయన పేరున రాతకోతలు లేవు. రేపిస్తాం, మాపిస్తాం అన్న మాటలే మిగిలాయి. ఆయన సేద్యం చేసుకుంటూనే మోశాడు. 1869లో ఖండాంతర రైలుమార్గం పూర్తయింది. ఆ ఏడే ఆయనకు ఆరువేల డాలర్లు ఇవ్వాలని నెవాడా శాసనసభ కాంగ్రెసును కోరింది. తర్వాత స్వయంగా వాషింగ్టన్ వెళ్లి అడిగాడు. వెళుతుంటే రైలు మంచులో ఇరుక్కుంది. దిగి నడక సాగించాడట! ఆదరంగా మాట్లాడారు గానీ చేతిలో పైసా పెట్టలేదు. 1876 మే 15న కన్నుమూశాడు. అప్పటికి 49 ఏళ్లు. రెండేళ్లకు ఒక్కగానొక్క కొడుకు కూడా పోయాడు.

దారి తెరిచాక జెనోవా వెళ్లి ఆయన సమాధి చూశాను. రాతి మీద మంచుచెక్కల జత చెక్కారు. పేరులో మాత్రం ఒక అక్షరం తప్పు పోయింది. అందరి పేర్లూ, చిరునామాలూ తప్పకుండా చేర్చినవాడి పేరే తప్పు రాశారు గదా అనుకున్నాను.

ఈ కథను నిస్వార్థసేవ అని ముగిస్తే వినసొంపుగా ఉంటుంది. నేను మొదట అలాగే రాసి కొట్టేశాను. నిస్వార్థమైతే అంత దూరం వెళ్లి ఎందుకు అడుగుతాడు? తన కూలి తాను అడిగాడు, ఇవ్వలేదు. దానికి త్యాగమని మనం పేరు పెడితే ఎగ్గొట్టినవాడి పని సులువవుతుంది. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని మన పెద్దలు ఊరికే అనలేదు.

వానలో తడుస్తూ మన హాస్టలు గేటు దగ్గరికి పొట్లం పట్టుకొచ్చే కుర్రాణ్ని చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు థాంప్సన్ గుర్తొస్తాడు. ఆ కుర్రాళ్లలో మన క్లాసుల్లో కూచునేవాళ్లూ ఉన్నారు. ఆలస్యమైందని విసుక్కునే ముందు, ఈ మోతకు వీడికెంత ముడుతోందో ఒక్కసారి అడిగి చూడండి. నేను ఆ కొండల్లో ఎనిమిది రోజులు తిట్టాను గానీ, మాత్రలు తెచ్చిన మనిషిని ఆ మాట అడగనేలేదు.