గ్రాండ్ జ్యూరీ వద్దన్నా జైలుకెళ్లిన ప్రింటర్

అప్రెంటిస్‌షిప్ చేస్తూ, దీని తర్వాత ఏంటి అని ఆలోచిస్తున్నారా? అయితే జాన్ పీటర్ జెంగర్ గురించి ఒకసారి తెలుసుకోండి. 1697లో జర్మన్ ప్రాంతంలో పుట్టాడు. 1710లో కుటుంబంతో ఓడెక్కి అమెరికా బయల్దేరాడు. దారిలోనే తండ్రి చనిపోయాడు. అప్పటికి అతనింకా పిల్లవాడే. న్యూయార్క్‌లో విలియం బ్రాడ్‌ఫర్డ్ ప్రెస్‌లో ఎనిమిదేళ్ల అప్రెంటిస్‌గా చేరాడు. పని నేర్చుకుని, 1726లో సొంత ప్రెస్ పెట్టాడు.

అప్పట్లో న్యూయార్క్ బ్రిటిష్ వలస. గవర్నర్ విలియం కాస్బీ తనకు ఎదురుతిరిగిన చీఫ్ జస్టిస్‌నే పదవి నుంచి తీసేశాడు. ఊళ్లో ఉన్న ఒక్క పత్రికా బ్రాడ్‌ఫర్డ్‌దే, అది ప్రభుత్వం వైపే. దాంతో కాస్బీ వ్యతిరేకులు జెంగర్‌ని కలిశారు. 1733 నవంబరు 5న న్యూయార్క్ వీక్లీ జర్నల్ మొదలైంది. వ్యాసాలు ఎక్కువగా జేమ్స్ అలెగ్జాండర్ లాంటి లాయర్లు పేరు లేకుండా రాసేవారు. పత్రిక మీద కనిపించే పేరు మాత్రం జెంగర్‌ది.

ఇక్కడే గ్రాండ్ జ్యూరీ వస్తుంది. ఇది శిక్ష వేసే జ్యూరీ కాదు. అభియోగం మోపడానికి తగిన ఆధారం ఉందా లేదా అని ముందే చూసే సామాన్య పౌరుల బృందం. కొత్త చీఫ్ జస్టిస్ డిలాన్సీ 1734లో రెండుసార్లు గ్రాండ్ జ్యూరీని అడిగాడు. రెండుసార్లూ కుదరదన్నారు. అయినా ప్రభుత్వం ఆగలేదు. గ్రాండ్ జ్యూరీతో పనిలేకుండా అటార్నీ జనరల్ నేరుగా కేసు పెట్టే దారి ఒకటుంది, అది పట్టుకుంది. నవంబరు 17న జెంగర్‌ని అరెస్టు చేశారు. కట్టలేనంత బెయిల్ అడిగారు. ఎనిమిది నెలలకు పైగా జైల్లోనే ఉన్నాడు. భార్య అన్నా జైలు తలుపు కంతలోంచి అతనితో మాట్లాడుతూ పత్రిక నడిపింది.

అతని లాయర్లిద్దర్నీ కోర్టు అనర్హుల్ని చేసింది. 1735 ఆగస్టు 4న ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఆండ్రూ హామిల్టన్ వాదించాడు. అచ్చువేసింది జెంగరే అని ఒప్పేసుకున్నాడు. అయితే నిజం రాస్తే పరువునష్టం ఎలా అవుతుందన్నది అతని ప్రశ్న. అప్పటి చట్టం ప్రకారం ఆ వాదన చెల్లదు. అయినా జ్యూరీ కాసేపట్లోనే నిర్దోషి అని తేల్చింది.

ఒక్క తీర్పుతో చట్టం మారిపోలేదు. జెంగర్ 1746లో చనిపోయాడు. 1791లో అమెరికా రాజ్యాంగ ఐదో సవరణ, ఫెడరల్ ప్రభుత్వం పెట్టే తీవ్రమైన కేసులకు గ్రాండ్ జ్యూరీని తప్పనిసరి చేసింది. ఇప్పుడు అందులో 16 నుంచి 23 మంది ఉంటారు. కనీసం 12 మంది ఒప్పుకోవాలి. అయితే అక్కడ ప్రాసిక్యూటర్ మాటే ఎక్కువగా వినిపిస్తుందనే విమర్శా ఉంది.

లా, జర్నలిజం, కంటెంట్ ఉద్యోగాలవైపు చూస్తున్నారా? ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రాసింది ఎవరైనా, జైలుకెళ్లింది పేరున్నవాడే. రేపు మీ పేరు దేని కింద పడుతుందో చదివాకే సంతకం పెట్టండి.