సర్ హారీ మాసీ

ఆస్ట్రేలియా దేశపు విక్టోరియా రాష్ట్రంలో 1908 మే 16 న జన్మించిన హారీ మాసీ, హాడిల్స్ క్రీక్ అనే చిన్న పల్లెలో బాల్యం గడిపారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో పట్టం పొంది, 1929 లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో చేరారు.

రూథర్‌ఫర్డు అధిపతిగా ఉన్న ఆ ప్రయోగశాలలో పరమాణు కేంద్రకమే ప్రధాన విషయం. మాసీ మాత్రం మందగమనం గల ఎలక్ట్రానులను ఎన్నుకొన్నారు. అవి వాయువులోని పరమాణువులను తాకి ఏ దిశకు చెదురుతాయి? గోళీలు ఢీకొన్నట్లు భావిస్తే లెక్క కుదరదు. ఎలక్ట్రానుకు తరంగ స్వభావం కూడా ఉన్నది గదా! బుల్లర్డుతో కలిసి ఆయన ఆర్గానులోను, తరువాత నైట్రోజను, మీథేను అణువులలోను ఈ చెదరుటను కొలిచి 1931 లో ఫలితాలు ప్రకటించారు. 1933 లో మాట్‌తో కలిసి రచించిన పరమాణు అభిఘాతాల సిద్ధాంత గ్రంథం ఈ శాస్త్రానికి మూలగ్రంథమైంది.

బెల్‌ఫాస్టులో అధ్యాపకత్వం, 1938 నుండి లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్య పదవి, యుద్ధకాలంలో సముద్రపు మందుపాతరల పరిశోధన, ఆపైన రాకెట్లు, 1962 లో ఏరియల్ ఉపగ్రహం: ఇన్ని బాధ్యతల నడుమ కూడా ఆయన తన తొలి ప్రశ్నను విడువకపోవడమే నాకు విశేషంగా తోస్తుంది.

1932 లో ఆండర్సన్ కనుగొన్న పాజిట్రాను, ఎలక్ట్రానుకు సరితూగే ద్రవ్యరాశితో ధనావేశం గల కణం. 1950 ల నుండి మాసీ దీని తాకిడులను గణించసాగారు. అణువు దగ్గరకు చేరిన ఎలక్ట్రానును లోపలి కేంద్రకం ఆకర్షిస్తుంది, పాజిట్రానునైతే వికర్షిస్తుంది. కాని వచ్చిన కణం ఏదైనా, అణువులోని ఎలక్ట్రాను మేఘాన్ని కొంత ఒరగదీస్తుంది. దానివలన పుట్టే బలం రెండింటికీ ఆకర్షణమే. కనుక ఎలక్ట్రాను విషయంలో ఒకదానికొకటి తోడయ్యే బలాలు, పాజిట్రాను విషయంలో ఒకదానినొకటి చాలవరకు తుడిచివేస్తాయి. పైగా పాజిట్రాను అణువులోని ఎలక్ట్రానును జతచేసుకొని పాజిట్రోనియంగా మారవచ్చు. అది క్షణంలో గామా కిరణాలై అంతరిస్తుంది.

లెక్క సరే, కొలత ఎట్లా? రేడియోధార్మిక పదార్థాలనుండి పాజిట్రానులు మహావేగంతో వస్తాయి. వాటిని మందగింపజేసి సన్నని ధారగా నడపడం చాలాకాలం దుస్సాధ్యమైంది. 1972 లో మాసీగారి విభాగంలోనే గ్రిఫిత్, హేలాండ్ ప్రభృతులు మెగ్నీషియం ఆక్సైడు పొడి సాయంతో అట్టి ధారను సాధించి, మొదట హీలియం వంటి వాయువులలోను, తరువాత హైడ్రోజను, నైట్రోజను అణువులలోను కొలతలు తీశారు. మాసీ అప్పటికి అరవై దాటినవారు. తన లెక్కలకు ఎదురుగా కొలతలు నిలవడం కళ్లారా చూసి, 1975 లో పదవీ విరమణ చేసి, 1983 నవంబరు 27 న కన్నుమూశారు.