టీకాను ఊరి పని చేసిన సంకరా

పశ్చిమ ఆఫ్రికాలో సముద్రం తగలని మెట్టదేశం బుర్కినా ఫాసో. జొన్న, సజ్జ, పత్తి వేసుకుని బతికే రైతులే ఎక్కువ. 1960 దాకా ఫ్రెంచివాళ్ళ వలస. అప్పటి పేరు అప్పర్ వోల్టా. అక్కడి యాకోలో 1949 డిసెంబరు 21న థామస్ సంకరా పుట్టాడు. తండ్రి ఫ్రెంచి సైన్యంలో పనిచేసినవాడు. కొడుకూ సైన్యంలోనే చేరాడు. శిక్షణకు మడగాస్కర్ వెళ్ళి, 1972లో అక్కడి జనం తిరగబడి ప్రభుత్వాన్ని దించడం కళ్ళారా చూశాడు.

1983 ఆగస్టు 4న అధికారానికొచ్చేనాటికి ఆయనకు 33 ఏళ్ళు. మంత్రుల ఖరీదైన కార్లు అమ్మించాడని అందరూ చెప్పుకుంటారు. కూలిజనం గుర్తుంచుకోవలసింది వేరే ఉంది.

తట్టు, మెదడు పొరల వాపు వస్తే అక్కడ పసిపిల్లలు పిట్టల్లా రాలిపోయేవారు. లోకంలో టీకాలు లేక కాదు, అవి పల్లె దాకా వస్తేగా! తొందరపడొద్దని సాయమిచ్చే సంస్థలు కొన్ని చెప్పినా సంకరా వినలేదు. 1984 నవంబరులో టీకా కమాండో పేరుతో దేశమంతా ఒక్కసారి కదిలింది. సుమారు రెండు వారాల్లో 25 లక్షల మంది పిల్లలకు తట్టు, మెదడు పొరల వాపు, ఎల్లో ఫీవర్ టీకాలు పడ్డాయి. సూది వేసింది వైద్య సిబ్బందే గానీ, జనాన్ని కదిలించింది ఊరూరా ఉన్న విప్లవ రక్షణ కమిటీలు. ఏ గుడిసెలో ఏ బిడ్డ ఉందో పట్నం గుమాస్తాకేం తెలుసు? మన దగ్గరా అంతే. మిరపకోతలకు వలసపోయిన తల్లి బిడ్డ పేరు నర్సమ్మ పుస్తకంలో తప్పిపోతే ముందు పసిగట్టేది తోటి కూలీలే.

మరుసటి ఏడు తట్టు ఎప్పటిలా విరుచుకుపడలేదు.

లోపాలూ చెప్పుకోవాలి. ఆ రెండు వారాల తర్వాత పుట్టిన బిడ్డ సంగతేమిటి? ఊరికో ఆరోగ్య కేంద్రం అన్న పథకం అందుకే అవసరమైంది. జనం చేతులతోనే వేల ఊళ్ళలో కేంద్రాలు లేచాయి. అయితే మందులూ, శిక్షణా ఆ వేగాన్ని అందుకోలేదు. కమిటీల్లో కొందరు తుపాకి చూపి పెత్తనం చేశారు. సమ్మె చేసిన టీచర్లను 1984లో ఉద్యోగాల నుంచి తీసేయడమైతే ముమ్మాటికీ తప్పే.

1987 అక్టోబరు 15న సంకరాను కాల్చి చంపారు. గద్దెనెక్కింది ఆయన సహచరుడు బ్లేజ్ కాంపోరే. 27 ఏళ్ళు ఏలాక, 2014లో జనమే తరిమికొట్టారు. పరాయి దేశంలో తలదాచుకున్న అతనికి ఆ హత్య కేసులో 2022లో సైనిక కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది.