బలవంతపు ప్రమాణం - ఇమామ్ మాలిక్ (రహ్మలై)

హిజ్రీ 145 (క్రీ.శ. 762)లో మదీనా ప్రజలు పెద్ద సంకటంలో పడ్డారు. ఒకవైపు అబ్బాసీ ఖలీఫా అబూ జాఫర్ మన్సూర్. మరోవైపు ఆయనపై తిరుగుబాటు ప్రకటించిన ముహమ్మద్ నఫ్సె జకియ్యా, దైవప్రవక్త (సల్లం) సంతతికి చెందినవారు. మన్సూర్‌కు అప్పటికే బైఅత్ (విధేయతా ప్రమాణం) చేసినవారు ఇప్పుడేం చేయాలి? ఈ ప్రశ్నతో జనం ఇమామ్ మాలిక్ బిన్ అనస్ (రహ్మలై) దగ్గరికి వచ్చారు.

ఇమామ్‌గారు మదీనాలోనే పుట్టి పెరిగారు. నాఫె, ఇబ్నె షిహాబ్ జుహ్రీల వద్ద హదీసు విద్య నేర్చారు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి సంకోచించేవారు కారు. ఒకసారి 48 ప్రశ్నలు అడిగితే 32 ప్రశ్నలకు అదే జవాబు ఇచ్చారట. మౌల్వీలమని పిలిపించుకునే మాలో ఎందరం అలా చెప్పగలం?

కాని ఈ ప్రశ్నకు ఆయన వద్ద ఆధారం ఉంది. బలవంతంగా చెప్పించిన తలాఖ్ చెల్లదన్న ఉల్లేఖనాన్ని ఆయన బోధించేవారు. (మన హనఫీ ఫిఖ్హ్‌లో ఈ మసలా వేరు. ఆ చర్చ ఇక్కడ చేయడం లేదు.) అదే కొలమానంతో, బలవంతంగా చేయించిన ప్రమాణానికీ కట్టుబడనవసరం లేదని ఫత్వా ఇచ్చారు. అలాగని తిరుగుబాటుదారుల పక్షాన కత్తి పట్టారా? లేదు. తన ఇంట్లోనే ఉండిపోయారు. ఆయన ఏ పక్షానికీ చెందిన మనిషి కారు.

తిరుగుబాటు ఆ ఏడాదే అణచివేయబడింది. ఆ తర్వాత మదీనా గవర్నరు జాఫర్ బిన్ సులైమాన్ ఇమామ్‌గారిని కొరడాలతో కొట్టించాడు. భుజం కీలు తప్పింది. తర్వాత మన్సూర్ ఆయన్ని కలిసి, అది తన ఆజ్ఞ కాదని చెప్పి, గవర్నరును శిక్షిస్తానన్నాడు. ఇమామ్‌గారు ఒప్పుకోలేదు. దైవప్రవక్త (సల్లం) బంధువర్గం వాడన్న గౌరవంతో అతణ్ణి క్షమించేశారు.

మా దృష్టిలో అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. కొరడాను సహించినవారు సైతం సన్మానానికి లొంగిపోతుంటారు. ఇమామ్‌గారి గ్రంథం 'మువత్తా'ను రాజ్యమంతటా శాసనంగా అమలు చేస్తానని ఖలీఫా ముందుకొచ్చాడు. ఆ ఖలీఫా మన్సూర్ అని కొందరు, హారూన్ రషీద్ అని కొందరు చెబుతారు. ఇమామ్‌గారు వద్దన్నారు. సహాబాలు వేర్వేరు ప్రాంతాలకు వెళ్లారనీ, ప్రతి ప్రాంతం వారికీ వారి ద్వారా హదీసులు చేరాయనీ, తన ఒక్కడి గ్రంథం వారిపై రుద్దరాదనీ వివరించారు.

హిజ్రీ 179 (795)లో ఆయన పరమపదించారు. బఖీ శ్మశానంలో ఖననం చేశారు. మువత్తాను దేశదేశాలకు చేర్చింది శిష్యులే. కార్డోబాకు చెందిన యహ్యా బిన్ యహ్యా దాన్ని స్పెయిన్‌కు తీసుకువెళ్లారు. మేము మదరసాలో చదివిందీ ఆయన ప్రతినే.